తేలినీలాపురం: మ్యూజియం బయటి కథ

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో అటవీశాఖ వారి పక్షుల మ్యూజియం చిన్నదే. అసలు చూడవలసిందంతా బయట, చెట్ల మీద ఉంటుంది. తల్లి గూడబాతు వాలగానే గూట్లో గోల మొదలవుతుంది. పిల్ల తన తలను, మెడతో సహా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేసి, తల్లి కక్కిన చేపను అక్కడే తినేస్తుంది. కొత్తగా చూసినవాళ్లు పిల్లను తల్లే మింగేస్తోందని కంగారు పడతారు.

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి చేరి గూళ్లు కడతాయి. పిల్లలకు రెక్కలొచ్చాక, మార్చి, ఏప్రిల్ నాటికి ఎగిరిపోతాయి. అన్నాళ్లూ చెట్ల కింద రెట్టలు, కుళ్లిన చేపల కంపు. ఊరు ఆ కంపుతోనే కాపురం చేస్తుంది. పక్షులు వేళకు దిగితే వానలూ పంటలూ బాగుంటాయని పెద్దల నాటి నుంచీ నమ్మకం. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ ఇదే మాట. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు, అదీ తొలకరి రోజుల్లో. వరిమళ్లలో నత్తలు ఏరుకు తినే పక్షి వానతో పాటు రావడంలో వింతేముంది? నమ్మకమని కొట్టిపారేస్తాం గానీ, అందులో రైతు కంటి చూపు ఉంది.

వీటిని సైబీరియా పక్షులనడం మాత్రం జనానికీ పత్రికలకూ అలవాటైపోయింది. అది నిజం కాదు. మన గూడబాతు భారత్, శ్రీలంక, ఆగ్నేయాసియాల పక్షి. ఎర్రకాళ్ల కొంగదీ ఇంచుమించు ఇదే ప్రాంతం. చలి తట్టుకోలేక ఉత్తర దేశాల నుంచి దిగే పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు, ఎండలు ముదరగానే తిరిగిపోతాయి. మన గూడబాతులు, కొంగలు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లాంటివి.

పుట్టిల్లు చెదిరిపోవడానికి ఎంతోకాలం పట్టదు. 1946లో భీమవరం కాలేజీలో పాఠాలు చెబుతున్న మలయాళీ కె.కె. నీలకంఠన్, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీని కనుగొన్నారు. ఆయనే తర్వాత ‘ఇందుచూడన్’ పేరుతో కేరళ పక్షుల మీద ప్రసిద్ధ గ్రంథం రాశారు. ఆరేడు గూళ్లు మాత్రం మిగల్లేదు. 1970లు వచ్చేసరికి ఆ దగ్గరి కొల్లేరు సరస్సు చుట్టూ కూడా గూడబాతులు పిల్లల్ని కనడం ఆగిపోయింది.

తేలినీలాపురానికి చెట్లున్నాయి. కానీ గూడబాతుకు చెట్టొక్కటే చాలదు, చేపలున్న నీళ్లు కావాలి. అవి దొరికేది నౌపడ తంపరలో. సముద్రపు పోటు, వాన నీరు కలిసే ఈ చిత్తడి నేలను ఆనుకుని ఉప్పు మళ్లు. ఈ తంపర మీద బతికేది పక్షులొక్కటే కాదు, చేపలు పట్టేవాళ్లూ, పశువులు మేపేవాళ్లూ ఎందరో. అందుకే కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ ప్లాంటు తలపెట్టినప్పుడు ఊళ్లు తిరగబడ్డాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. చెట్లను కాచింది ఊరి నమ్మకమైతే, తంపరను నిలబెట్టింది ఈ పోరాటం. పక్షుల కథలో ఈ పేజీని చాలామంది చదవరు.

ముప్పు అంతటితో తీరలేదు. 2021 డిసెంబరులో వందకు పైగా గూడబాతులు తేలినీలాపురంలోనే చచ్చిపడ్డాయి. కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేల్చారు. అవి చేపల చెరువుల నుంచి వచ్చి ఉంటాయని అనుమానించారు. పక్షికి గూడు ఒకచోట, కూడు ఇంకొకచోట అయినప్పుడు ఒక్క ఊరు ఎంతని కాపలా కాస్తుంది?

తేలినీలాపురం వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి, గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. చెట్ల కింద కేకలు వేయకండి. తిరుగుదారిలో నౌపడ తంపర దగ్గర కూడా ఆగండి.