.303 రైఫిల్ గురి కచ్చితత్వం

.303 రైఫిల్ (త్రీ నాట్ త్రీ) బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాలు వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తరగతికి చెందిన బోల్ట్ రైఫిల్. దీని గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు (సుమారు 7.7 మి.మీ.). మాగజైనులో 10 తూటాలు పడతాయి. పాతబడిన ఈ రైఫిల్ గురి చెదరడానికి గొట్టం అరుగుదలతో పాటు, గొట్టాన్ని పట్టి ఉంచే కొయ్య బిగువు సడలడం కూడా ముఖ్య కారణం.

చరిత్ర

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ 1895లో వాడుకలోకి వచ్చింది. 1907 నాటి మార్క్ 3 నమూనా బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారైంది. తాడేపల్లిగూడెంలో విమాన స్థావరం నిర్మించిన రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైనికుల ప్రధాన ఆయుధం ఇదే. 1962 చైనా యుద్ధం తరువాత సైన్యం దీని స్థానంలో 7.62 మి.మీ. స్వయంచాలిత రైఫిల్‌ను తీసుకొంది. పోలీసు బలగాలలో మాత్రం ఇది దశాబ్దాలపాటు కొనసాగింది. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దీనికి వీడ్కోలు పలికారు.

గురి చెదరడానికి కారణాలు

* కొయ్య: తూటా పేలినప్పుడు కలిగే వెనుకతోపును ముందు కొయ్యలోని ఆనికలు భరిస్తాయి. కొయ్య ఎండి కుంచించుకుపోయినా, నూనె పీల్చి మెత్తబడినా ఈ ఆనికలు వదులై తూటాలు చెల్లాచెదురుగా పడతాయి. ఏలూరు, కొల్లేరు ప్రాంతం వంటి తేమ గల చోట్ల వానాకాలంలో కొయ్య ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నొక్కవచ్చు.
* గొట్టం: కార్డైట్ మందు వేడికి తూటా ప్రవేశించే చోట గాడులు అరుగుతాయి.
* తుప్పు: పాత తూటాల ప్రైమర్ వదిలే లవణాలు గాలిలోని తేమను పీల్చుకొంటాయి. నూనె ఒక్కటే వీటిని తొలగించదు.

సరిచేసే విధానం

మొదట గొట్టంలో వేడినీరు పోసి, ఆరబెట్టి, పుల్‌త్రూతో తుడిచి, పలుచగా నూనె రాస్తారు. తరువాత ఆర్మరర్ మరల బిగువును చూసి, వదులైన ఆనికల వద్ద కొత్త కొయ్యముక్క అతికి సరిపెడతాడు. మార్క్ 3 నమూనాలో గొట్టం కొన దగ్గర స్ప్రింగు గల చిన్న మేకు గొట్టాన్ని పైకి నెడుతూ ఉండాలి. అది బిగుసుకుపోతే గురి నిలకడగా ఉండదు.

ఇవన్నీ సరిచేశాకే గురి సవరిస్తారు. తూటాలు ఒకేచోట గుంపుగా పడుతూ ఆ గుంపు ఎడమకు జరిగితే, ఫోర్‌సైట్‌ను ఎడమకే జరపాలి. గుంపు పైకి పోతే ఇంకా ఎత్తైన ఫోర్‌సైట్ అమర్చాలి. తూటాలు గుంపుగా పడకుండా చెదిరిపోతున్నప్పుడు సైట్‌ను ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు.

చట్టం

1959 ఆయుధాల చట్టం కింద .303 నిషిద్ధ తరగతి ఆయుధం. లైసెన్సు లేకుండా తుపాకులు బాగుచేయడం నేరం. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరులో పక్షుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* తాడేపల్లిగూడెం
* రెండవ ప్రపంచ యుద్ధం