కుక్క మోకాలు ఎక్కడుంది?

ఇవాళ టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని. వీడియో పాజ్ చేసి, కాగితం మీద కుక్క వెనక కాలు గీయండి. గీశారా? మధ్యలో వెనక్కి వంగిన కీలు ఒకటి వేసే ఉంటారు. దాన్ని మోకాలు అనుకుంటే, మీరూ నాలాగే పొరబడ్డారు.

మధురానగర్‌లో మా గల్లీలో నల్లోడని ఒక కుక్క ఉంది. జాబ్ చేసే రోజుల్లో రాత్రి లేటుగా వస్తే గల్లీ మొదటి నుంచి గేటు దాకా తోడొచ్చేవాడు. ఒకరోజు బండి తగిలి వెనక కాలు ఎత్తిపట్టుకుని కుంటుతున్నాడు. పశువుల డాక్టర్‌కి ఫోన్ చేసి, "మోకాలు వాచింది సార్" అన్నా. ఆయన ఫోటో పంపమన్నారు. చూసి, "అది మోకాలు కాదు బాబూ, మడమ" అన్నారు.

ఒకసారి లేచి మునివేళ్ల మీద నిలబడండి. మీ మడమ గాల్లో ఉంది కదా? కుక్క, పిల్లి రోజంతా నడిచేది అలాగే. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది, మనలాగే ముందుకి వంగుతుంది. ముందు కాలి మధ్యలో కనిపించేది మణికట్టు. మోచేయి ఛాతీ పక్కన ఉంటుంది. అంటే ఎముకల వరస మనదే, పొడవులే వేరు.

ఈ సంగతి కళ్లతో చూసి తేల్చుకోవాలని జీవితమంతా పట్టుబట్టిన చిత్రకారుడు ఒకడున్నాడు. పేరు జార్జ్ స్టబ్స్, ఇంగ్లండ్ మనిషి, 1724లో పుట్టాడు. ఒక పల్లెటూరి ఇంట్లో దాదాపు 18 నెలలు చచ్చిన గుర్రాలను కొక్కేలకు వేలాడదీసి, పొరపొరా కోసి బొమ్మలు గీశాడు. అవి 1766లో పుస్తకంగా వచ్చాయి.

మనకు దగ్గరి లింకు ఇక్కడే ఉంది. మద్రాసు గవర్నర్‌గా చేసిన జార్జ్ పిగట్, ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్‌కి ఒక చీతాను కానుకగా ఇచ్చాడు. 1764లో విండ్సర్‌లో దాన్ని ఒక దుప్పి మీదికి వదిలితే, దుప్పే దాన్ని తరిమేసింది! స్టబ్స్ ఆ చీతాను ఇద్దరు భారతీయ పరిచారకులతో కలిపి గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంది. మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించేశారు. కానీ ఆ బొమ్మలో చీతా ఇప్పటికీ నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంది.

చివరి పదేళ్లలో స్టబ్స్ మనిషిని, పులిని, కోడిని పక్కపక్కన పెట్టి వాటి శరీర నిర్మాణాన్ని పోల్చుతూ గీశాడు. 1806లో చనిపోయాడు. మా డాక్టర్ ఒక్క మాటలో చెప్పిన సంగతే అది.

మరి కొలతలు? మన శిల్పులకు ఎప్పటి నుంచో తాలమానం ఉంది. ముఖం పొడవు ఒక తాలం. నవతాలం అంటే తొమ్మిది ముఖాల ఎత్తు విగ్రహం. అదే ట్రిక్ కుక్కకీ వాడండి. తల పొడవును పెన్సిల్ మీద కొలిచి, ఒళ్లు ఎన్ని తలలో, కాలు ఎన్ని తలలో లెక్కపెట్టండి. లెక్క ప్రతి కుక్కకీ మారుతుంది, అందుకే మీ ముందున్న కుక్కనే కొలవండి. పిల్లి అయితే భుజం దగ్గర జాగ్రత్త. దాని కాలర్‌బోన్ చిన్న ముక్క, భుజం ఎముకలకు అతుక్కుని ఉండదు. అందుకే సన్నటి సందుల్లోంచి జారిపోతుంది, నడిచేటప్పుడు భుజాలు వీపు మీదికి లేస్తాయి.

నల్లోడు ఇప్పుడు నడుస్తున్నాడు, కొంచెం కుంటుతాడు. ఆదివారం వాడు ఎండలో పడుకున్నప్పుడు నేను గీస్తుంటా. మొదటి బొమ్మలో కాలు కుర్చీ కాలులా వచ్చింది. పదోదానికి మడమ సరైన చోటికి వచ్చింది. ఆ మడమ మీద వాపు కూడా గీశాను, అది వాడి కథ కాబట్టి.

ఇందాక గీసిన కాలు ఇప్పుడు మళ్లీ గీయండి. రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.