ధర్మపురి రాగులు: జన్యుసాక్ష్యము

ధర్మపురి ప్రాచీన నామము తగడూరు. అదియమానుల రాజధాని. ఆ వంశపు పూర్వులు చెఱకును ఈ నేలకు తెచ్చిరని పుఱనానూఱు 99వ పద్యమున ఔవైయార్ స్తుతించెను. రాజులు తెచ్చిన పైరుకు కవి సాక్ష్యము దొరకినది. బీదల పైరైన రాగికి అట్టి భాగ్యము లేదు.

1965లో సేలమునుండి విడివడిన ధర్మపురి జిల్లాలో 2004 వఱకు కృష్ణగిరి, హోసూరులు చేరియుండెను. ఈ సీమలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినబడును. రాగిని తమిళులు కేళ్వరగందురు. మనవారిలోనే చోళ్లనువారును, తైదలనువారును కలరు. కావున పేరునుబట్టి విత్తును గుర్తింపరాదు. కంకి వ్రేళ్లు విప్పారినవో, పిడికిలివలె ముడిచినవో చేనిలో చూడవచ్చును గాని, గింజ గాదె చేరిన పిమ్మట ఆ గురుతు పోవును.

డి.ఎన్.ఏ.లో కొన్ని తావుల రెండు మూడక్షరములు మరల మరల వచ్చును. ఎన్నిమార్లు వచ్చునన్నది రకమునుబట్టి మాఱును. నేలనుబట్టి, వాననుబట్టి మాఱదు. పెక్కు తావుల లెక్క కలిసిననే నిర్ణయము. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమున జె. నాగరాజుగారి బృందము 2002లో ప్రకటించిన పరిశోధనలో బాసుమతిని ఇతర వరులనుండి ఇట్లే వేఱుపఱచెను.

రాగి విషయము మఱింత చిక్కైనది. దాని 36 క్రోమోజోములు రెండు పూర్వజాతులనుండి వచ్చినవి. ఒకదాని గురుతును రెండవదానిదిగా పొరపడవచ్చును. అయితే పువ్వు తనలో తానే ఫలించును గనుక వంశము చేనిలో చెడుట అరుదు, కల్తీ కళ్లములోనే. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. అచ్చటి రాగులును ఆసియా రాగులును సూచకములలో వేఱు గుంపులుగా కనబడును. ఈ రెంటిని కలిపి కర్ణాటకమున రాగి లక్ష్మణయ్యగా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త ‘ఇండాఫ్’ రకములను సృష్టించెను. కాబట్టి తాతలనాటి నాటువిత్తని మనము నమ్మినదానిలో ఆఫ్రికా పోగు కనబడిన ఆశ్చర్యపడరాదు. మనసుకు కష్టమే గాని, ఆ సాక్ష్యమును దాచుట చరిత్ర కాదు.

ఇది కేవలము పండితుల వివాదము కాదు. 2001 చట్టము రైతు తన రకమును తన పేర నమోదు చేయించుకొను హక్కు నిచ్చినది. అందు కంటికి కనబడు లక్షణములే ప్రధానము. సూచకములు తోడు సాక్ష్యము. ఆ విత్తును ఏ భాష మాటలాడువారు తెచ్చిరో మాత్రము అవి చెప్పలేవు.

పోల్చుటకు పాత విత్తు కావలెను. పటాన్‌చెరువు ఇక్రిశాట్ విత్తనకోశమున ఆరువేలకు మించిన రాగి నమూనాలు కలవు. మన ఇండ్ల గాదెలలో మిగిలినదానిని సేకరించువారు ఊరు, పిలుపుపేరు, విత్తిన మాసము సంచిమీదనే వ్రాయుదురు గాక.