బేసి సంవత్సరాల నవంబరు

1861 మే 23న మా లౌడన్ కౌంటీలో జరిగిన ఓటింగుకు కాగితం లేదు, పెట్టె లేదు. అమెరికా నుంచి వర్జీనియా విడిపోవాలా వద్దా అన్నది తేల్చాలి. ఓటున్న తెల్ల మగవాళ్ళు ఒక్కొక్కరే గుమాస్తా ముందుకొచ్చి తమ మాటేమిటో నలుగురూ వినేలా చెప్పాలి. ఆయన పేరు పక్కన రాసుకుంటాడు. అలా లెక్క తేలేసరికి విడిపోదామన్నవాళ్ళు 1,626 మంది, వద్దన్నవాళ్ళు 726 మంది.

లౌడన్ విడిపోదామంది అని చరిత్ర ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. కాని ఆ 726లో నాలుగింట మూడొంతులు రెండే ఊళ్ళవి. క్వేకర్ శాఖ క్రైస్తవులుండే వాటర్‌ఫర్డ్‌లో 220 మంది వద్దన్నారు, 31 మంది కావాలన్నారు. జర్మన్ రైతుల ఊరు లవెట్స్‌విల్‌లో 325 మంది వద్దన్నారు, 46 మంది కావాలన్నారు. పక్కవాడు ఏమనుకుంటాడో తెలిసీ, నోరు తెరిచి చెప్పిన ఓట్లు అవి. మరుసటేడు ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళే లౌడన్ రేంజర్స్ పేరుతో దళం కట్టి, సొంత రాష్ట్రానికి ఎదురుగా ఉత్తరాది సైన్యంలో చేరారు. ఆష్‌బర్న్‌లోని మా ఇంటి నుంచి వాటర్‌ఫర్డ్ అరగంట. టీవీలో కౌంటీ మొత్తానికీ ఒకే రంగు పూసి చూపించినప్పుడల్లా నాకు ఈ రెండు ఊళ్ళే గుర్తొస్తాయి.

ఆ తర్వాత వందేళ్ళ వర్జీనియా ఎన్నికల చరిత్ర, ఎవరు గెలిచారన్న దానికంటే ఎవరిని ఓటేయనివ్వలేదన్న దానితోనే ఎక్కువ అర్థమవుతుంది. 1902లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగం ఓటుకు పన్ను పెట్టింది. ఏడాదికి డాలరున్నర. వినడానికి చిన్న మొత్తమే. కాని వరసగా మూడేళ్ళది బాకీ లేకుండా ఉండాలి, అదీ ఎన్నికకు ఆరు నెలల ముందే కట్టేసి ఉండాలి. నల్లవాళ్ళ ఓటు తీసేయడానికే ఈ ఏర్పాటని దాన్ని రాసినవాళ్ళు దాచుకోలేదు. దాంతోపాటు పేద తెల్లవాళ్ళ ఓటూ పోయింది, అందుకూ వాళ్ళేమీ బాధపడలేదు.

ఈ చిన్న ఓటర్ల జాబితా మీద రాజ్యం కట్టుకున్నవాడు హ్యారీ బర్డ్. మా కౌంటీకి పడమటి హద్దు బ్లూ రిడ్జ్ కొండలు. అవి దాటగానే వచ్చే బెర్రీవిల్ ఆయన ఊరు. యాపిల్ తోటల ఆసామి. 1926 నుంచి నాలుగేళ్ళు గవర్నరు, 1933 నుంచి 1965 దాకా అమెరికా సెనేటరు. పార్టీ డెమోక్రాటిక్. ఇప్పటి డెమోక్రాట్లను తలుచుకుంటూ ఆ మాట చదివితే పప్పులో కాలేసినట్టే. నల్ల పిల్లలతో కలిసి తెల్ల పిల్లలు చదవకూడదని 1950లలో స్కూళ్ళు మూయించడానికీ సిద్ధపడిన ముఠా ఆయనది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడి అన్నదే లేదు. ఆయన హయాంలో అసలు ఎన్నిక డెమోక్రాటిక్ ప్రైమరీయే, నవంబరుది ఉత్త లాంఛనం. ఆ ప్రైమరీలో ఓటేసేది వయసొచ్చినవాళ్ళలో నూటికి పదకొండు, పన్నెండు మంది. అందులో సగం మంది చేతిలో ఉంటే రాష్ట్రం చేతిలో ఉన్నట్టే. మన జిల్లాల్లో తరాల తరబడి సాగిన పెద్దరికాలు చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1966 మార్చిలో సుప్రీంకోర్టు హార్పర్ కేసులో ఓటు పన్ను కొట్టేసింది. కేసు వేసినవాళ్ళు వర్జీనియా నల్లవాళ్ళే. అదే ఏడాది అక్టోబరులో బర్డ్ చనిపోయాడు. దానికి ముందు ఏడాదే వలస చట్టం మారి, మన దేశం నుంచి వచ్చేవాళ్ళకు తలుపు తెరుచుకుంది. ఓటుకూ వలసకూ ఒకేసారి గొళ్ళెం తీసిన ఆ రెండేళ్ళే ఇవాళ్టి మా కౌంటీ ఫలితాలకు మొదలని నా లెక్క.

బర్డ్ కాలం నుంచి చెక్కుచెదరకుండా మిగిలింది ఒకటుంది. దేశంలో ఎక్కువ రాష్ట్రాలు సరి సంవత్సరాల్లో ఓటేస్తుంటే వర్జీనియా రాష్ట్ర పదవులకు బేసి సంవత్సరాల్లో ఓటేస్తుంది. అధ్యక్ష ఎన్నిక జరిగిన మరుసటి నవంబరులోనే గవర్నరు ఎన్నిక. అంటే మాకు ప్రతి నవంబరూ ఎన్నికే. జనం తక్కువ వచ్చే సంవత్సరం కాబట్టి ముఠా నాయకులకు ఈ పద్ధతి బాగా నచ్చేది. ఇప్పుడదే పద్ధతి మమ్మల్ని దేశానికి జ్వరం చూసే రాష్ట్రాన్ని చేసింది. గవర్నరుకు వరసగా రెండోసారి పోటీ చేసే హక్కు లేని రాష్ట్రం దేశంలో ఇదొక్కటే. కనుక ప్రతిసారీ కొత్త ముఖాలు, కొత్త పోటీ. 1977 నుంచి చూస్తే, వాషింగ్టన్‌లో ఏ పార్టీ అధ్యక్షుడుంటే మేం దాని ఎదుటి పార్టీ గవర్నరును ఎన్నుకుంటూ వచ్చాం. తప్పింది ఒక్కసారి, 2013లో. ఒబామా కూర్చుని ఉండగానే డెమోక్రాట్ టెరీ మెక్ఆలిఫ్ గెలిచాడు.

అధ్యక్ష ఎన్నికల్లో వేరే పద్దు. 1952 నుంచి 2004 దాకా వర్జీనియా ఒక్క 1964లో జాన్సన్‌కు తప్ప డెమోక్రాట్‌కు ఓటేయలేదు. 2008 నుంచి ఇప్పటిదాకా రిపబ్లికన్‌కు ఓటేయలేదు. మధ్యలో మనుషులు మనసు మార్చుకున్నారా అంటే, కొంతే. ఎక్కువగా మారింది మనుషులే. 1960లో లౌడన్ జనాభా పాతిక వేలకు లోపు. పాడి పశువులు, గుర్రాలు. 1962లో డల్లెస్ విమానాశ్రయం వచ్చింది. 1990కి జనాభా 86,000. ఆ తర్వాత ఏఓఎల్, దాని చుట్టూ ఇంటర్నెట్ కంపెనీలు, ఆ తీగల వెంట డేటా సెంటర్లు. 2020 జనాభా లెక్కల్లో 4,20,959 మంది. అయిదుగురిలో ఒకరు ఆసియా మూలాలవారు. వై2కే రోజుల్లో హెచ్‌ఒన్‌బి మీద దిగిన మా తరం తెలుగువాళ్ళు ఇక్కడ అపార్ట్‌మెంటు, ఆ తర్వాత టౌన్‌హౌసు, ఆ తర్వాత సింగిల్ ఫ్యామిలీ అంటూ మెట్లెక్కిన కాలమూ ఇదే.

2004లో లౌడన్ బుష్‌కు దాదాపు 56 శాతం ఇచ్చింది. ఆ రాత్రి రాష్ట్రానికి రెండో చివర, నైరుతి మూల బొగ్గు గనుల బుకానన్ కౌంటీ డెమోక్రాట్ జాన్ కెరీకి ఓటేసింది. గని కార్మికుల యూనియన్ రోజుల నుంచి వస్తున్న అలవాటు. 2008లో లౌడన్ ఒబామాను గెలిపించింది, బుకానన్ మెకేన్ వైపు వెళ్ళింది. అప్పటి నుంచి ఆ రెండు కౌంటీలూ ఒకదానికొకటి బాగా దూరమయ్యాయి. బుకానన్‌లో ట్రంప్‌కు ఇప్పుడు నూటికి ఎనభై దాటి పడతాయి. మా సంఘం కబుర్లలో మనవాళ్ళు లౌడన్ మార్పును గర్వంగా చెప్పుకుంటారు గాని, ఆ రెండో మార్పును పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఇక్కడ జీతాలు పెరిగిన ఏళ్ళలోనే అక్కడ గనులు మూతపడ్డాయి, పిల్లలు ఊళ్ళు వదిలారు. రాష్ట్రం ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారిందనడం కన్నా, రెండు మూలలు స్థలాలు మార్చుకున్నాయనీ, మా మూలకు జనం ఎక్కువనీ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈ రెండు మూలలూ ఢీకొన్న రోజొకటుంది. 2006 ఆగస్టులో సెనేటర్ జార్జ్ అలెన్ కెంటకీ సరిహద్దున, అదే బొగ్గు కొండల్లోని బ్రేక్స్ పార్కులో ప్రచార సభ పెట్టాడు. ప్రత్యర్థి తరఫున వీడియో తీస్తున్న భారతీయ మూలాల కుర్రాడిని చూపించి, కోతిజాతి పేరులా వినిపించే మాటతో పిలిచి, అమెరికాకు స్వాగతం చెప్పండి వీడికి అన్నట్టు ఎగతాళి చేశాడు. ఆ కుర్రాడు పుట్టి పెరిగింది ఇక్కడే, మా పక్క ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. వీడియో దేశమంతా తిరిగింది. ధీమాగా గెలవాల్సిన అలెన్ నవంబరులో జిమ్ వెబ్ చేతిలో సుమారు 9,300 ఓట్ల తేడాతో ఓడాడు. ఆ ఒక్క సీటుతోనే సెనేట్ డెమోక్రాట్ల చేతికొచ్చింది. మా ఆఫీసుల్లో, గుడి దగ్గర, అంతకుముందు ఎన్నికల ఊసే ఎత్తనివాళ్ళు సిటిజన్‌షిప్ ఫారాలు నింపడం మొదలుపెట్టింది ఆ శీతాకాలంలోనే.

తేడా ఇంత సన్నగా ఉండడం వర్జీనియాకు కొత్తేం కాదు. 1989లో డగ్లస్ వైల్డర్, బానిసల మనవడు, దేశంలో ఎన్నికై వచ్చిన మొదటి నల్ల గవర్నరు అయ్యాడు. పద్దెనిమిది లక్షలకు దగ్గరగా పోలైన ఓట్లలో తేడా 6,741. 2005లో అటార్నీ జనరల్ పదవికి బాబ్ మెక్‌డొనెల్, క్రీ డీడ్స్ తలపడితే మెక్‌డొనెల్ 360 ఓట్లతో బయటపడ్డాడు. నాలుగేళ్ళకు ఆ ఇద్దరే గవర్నరు పదవికి తలపడ్డారు, ఈసారి తేడా పదిహేడు శాతం. 2013లో అదే అటార్నీ జనరల్ పదవికి మా లీస్‌బర్గ్‌వాడు మార్క్ హెర్రింగ్ మొదటి లెక్కలో 165 ఓట్ల ముందంజలో ఉండి, రీకౌంటు తర్వాత 907కు చేరాడు.

అన్నిటికీ మించింది 2017. న్యూపోర్ట్ న్యూస్‌లో రాష్ట్ర దిగువ సభ డెలిగేట్ సీటుకు రీకౌంటు జరిగితే డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ముగ్గురు జడ్జీలు పక్కన పెట్టిన ఒక బ్యాలెట్‌ను తిరిగి చూశారు. ఓటరు ఇద్దరి పేర్ల పక్కనా గుండ్రం నింపి, ఒకదాని మీద గీత పెట్టాడు. అది రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ ఖాతాలో వేయడంతో ఇద్దరికీ 11,608 సమానమైంది. 2018 జనవరిలో రిచ్‌మండ్‌లో రెండు పేర్లూ పాత ఫిల్మ్ డబ్బీల్లో పెట్టి, మ్యూజియం నుంచి అరువు తెచ్చిన పింగాణీ గిన్నెలో వేసి ఒకటి తీశారు. యాన్సీ పేరొచ్చింది. సభ 51–49తో రిపబ్లికన్ల దగ్గరే ఉండిపోయింది. ఇక్కడి స్నేహితులు ఇదేదో వింత అన్నట్టు చెప్పుకున్నారు. సర్పంచి ఎన్నికలో చీటీ తీయడం చూసి పెరిగిన మాకు అందులో కొత్తగా కనిపించింది పింగాణీ గిన్నె ఒక్కటే.

ఇక వలస వచ్చినవాళ్ళ ఓటు ఒక పార్టీకి రాసిచ్చిన ఆస్తి అనుకున్నవాళ్ళకు లౌడన్ రెండుసార్లు బదులు చెప్పింది. 2020లో బైడెన్‌కు ఇక్కడ ఇరవై అయిదు శాతం ఆధిక్యం. ఏడాది తిరిగేసరికి గవర్నరు ఎన్నికలో మెక్ఆలిఫ్‌కు అది పదకొండుకు దిగింది. రాష్ట్రమంతా కలిపి రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ రెండు శాతంతో నెగ్గాడు. ఆ ఏడు లౌడన్ స్కూల్ బోర్డు మీటింగులు దేశమంతా టీవీలో చూసింది. బయటివాళ్ళు దాన్ని తెల్లవాళ్ళ సంస్కృతి గొడవగానే చూశారు. కాని మన ఇళ్ళలో నలిగిన విషయం వేరు. మా పిల్లలూ పోటీపడే థామస్ జెఫర్సన్ హైస్కూలు ప్రవేశ పరీక్షను 2020 చివర్లో తీసేశారు. ఆరో తరగతి నుంచి పిల్లల్ని కోచింగులకు తిప్పిన తల్లిదండ్రులకు అది సొంత దెబ్బ. బడి విషయాల్లో తల్లిదండ్రులు తలదూర్చకూడదన్న అర్థమొచ్చేలా మెక్ఆలిఫ్ డిబేట్‌లో మాట్లాడాక, ఎప్పుడూ డెమోక్రాట్లకే వేసే ఇళ్ళలోనూ ఒక ఓటు ఇటూ ఒక ఓటు అటూ అయ్యాయి. నాకు ఆ పరీక్ష పోవడం నచ్చలేదు, దాని కోసం ఓటు మార్చడమూ నచ్చలేదు. వర్జీనియాలో ఓటరు నమోదుకు పార్టీ పేరు రాయక్కర్లేదు కాబట్టి ఎవరెటు వేశారన్నది ఇంటి గుట్టే.

2024లోనూ అంతే. ఆ రాత్రి దేశంలో పెద్ద కౌంటీల్లో తొందరగా లెక్క తేల్చినవాటిలో మాదొకటి. కమలా హారిస్ ఇక్కడ గెలిచింది, కాని బైడెన్ ఇరవై అయిదు కాస్తా పదహారు, పదిహేడుకు పడిపోయింది. ఆ అంకె చూసి టీవీల్లో ముఖాలు మారాయి. అదే బ్యాలెట్ మీద మా పదో కాంగ్రెస్ జిల్లా నుంచి సుహాస్ సుబ్రమణ్యం గెలిచాడు. వర్జీనియా నుంచి భారతీయ మూలాల వ్యక్తి కాంగ్రెస్‌కు వెళ్ళడం అదే మొదలు.

2025 నవంబరు 4 నాటికి ఫెడరల్ ఉద్యోగాల కోత ఉత్తర వర్జీనియాలో ఇంటింటి మాట అయింది. పైగా ప్రభుత్వం నెలకు పైగా మూతపడి ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టుల మీద బతికే మనవాళ్ళకు ఇది వార్త కాదు, నెల జీతం. అబిగైల్ స్పాన్‌బర్గర్ పదిహేను శాతం తేడాతో గవర్నరుగా గెలిచింది, రాష్ట్రానికి మొదటి మహిళా గవర్నరు. లౌడన్‌లో ఆమె ఆధిక్యం బైడెన్‌ను దాటింది. వర్జీనియాలో గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్ ముగ్గురికీ విడివిడిగా ఓటేయాలి, అక్కడే ఓటరు మనసు బయటపడుతుంది. పాత ఫోన్ మెసేజ్‌ల గొడవలో ఇరుక్కున్న అటార్నీ జనరల్ అభ్యర్థి జే జోన్స్ అదే పార్టీ నుంచి గెలిచినా, తేడా ఆమెకు వచ్చినదాంట్లో సగం కూడా లేదు. మధ్యలో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచింది గజాలా హష్మీ. పుట్టింది హైదరాబాదులో, నాలుగేళ్ళ వయసులో జార్జియా వచ్చి, తర్వాత రిచ్‌మండ్‌లో కాలేజీ ఇంగ్లీషు పాఠాలు చెప్పి, 2019లో రాష్ట్ర సెనేట్‌కు వెళ్ళింది. దేశంలో ఏ రాష్ట్రంలోనైనా రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం మహిళ. మన హైదరాబాదు అమ్మాయి అని వాట్సాప్‌లో పంచుకున్నవాళ్ళలో ఆమెకు ఓటేయగలిగినవాళ్ళు ఎందరో చెప్పలేను. ఎందుకంటే మా సబ్‌డివిజన్‌లో ఇంటి పన్ను కడుతూ, పిల్లల్ని ఇక్కడి బడికే పంపుతూ, పదేళ్ళ పైబడి గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళు వీధికొకరున్నారు. ఈ శాతాల్లో ఎక్కడా వాళ్ళు లేరు.

ఓటుండీ లెక్కలోకి రానివాళ్ళు ఇంకో రకం. గవర్నరు లేని బేసి సంవత్సరం ఒకటుంటుంది, ఈసారి 2027. రాష్ట్ర సెనేట్‌తోపాటు కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు మొత్తం అప్పుడే ఎన్నికవుతుంది. డేటా సెంటరు ఇంటి వెనక్కి ఎంత దగ్గరగా రావచ్చో, ఆ కరెంటు తీగలు ఎవరి పెరటి మీదుగా వెళ్ళాలో, ఇంటి పన్ను ఎంతుండాలో తేల్చేది ఆ బోర్డే. అధ్యక్షుడి ఎన్నిక రాత్రి తెల్లవార్లూ మేలుకునే మా వీధిలో, ఆ నవంబరు మంగళవారం పోలింగ్ బడి దగ్గర వరసే ఉండదు. పేరెంట్స్ సంఘం వాళ్ళ కేకుల బల్ల దాటి లోపలికి వెళ్ళి, ఓటేసి, అయిదు నిమిషాల్లో బయటికొచ్చేయొచ్చు.