చెరపట్టబడినవారు నాటిన సంఘము

సంఘ చరిత్ర వ్రాయునప్పుడు మనము బిషప్పుల పేర్లు, మిషనరీల పేర్లు, దేవాలయములు కట్టబడిన సంవత్సరములు వ్రాయుదుము. అది తగినదే. కాని ఆదిమ కాలమున సువార్తను పరజనుల యొద్దకు మోసికొనిపోయినవారిలో అనేకుల పేర్లు ఎచ్చటను లేవు. గోతు జాతివారి చరిత్ర ఇందుకు సాక్ష్యము.

గోతులు డాన్యూబు నదికి ఉత్తరమున నివసించిన యుద్ధవీరులు. రోమీయులు వారిని అనాగరికులని యెంచిరి. క్రీ.శ. 3వ శతాబ్దపు మధ్యకాలమున వారు చిన్న ఆసియాపై దాడిచేసి, కప్పదొకియ నుండి అనేకులను చెరపట్టుకొనిపోయిరి. పేతురు మొదటి పత్రికలో మనము చదువు కప్పదొకియ అదియే. ఆ బందీలలో క్రైస్తవులును ఉండిరి. వారిని ఏ సంఘమును సువార్తకై పంపలేదు. కత్తి చూపి తీసికొనిపోయిరి. అయినను వారు విశ్వాసమును విడువలేదు. కొంతకాలమునకు చెరపట్టినవారిలోనే కొందరు ప్రభువును నమ్మిరి.

ఆ బందీల వంశమున సుమారు 311లో ఉల్ఫిలా జన్మించెను. సుమారు 341లో ఆయన గోతుల దేశములోని క్రైస్తవులకు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆయన ముఖ్యముగా గ్రీకు అక్షరముల ననుసరించి గోతు భాషకు లిపి కల్పించి, బైబిలును అనువదించెను. యుద్ధప్రియులను ఇంకను రేపకూడదని రాజుల గ్రంథములను మాత్రము విడిచిపెట్టెనని ఫిలోస్టోర్గియసు అను ప్రాచీన చరిత్రకారుడు వ్రాసెను. ఉల్ఫిలా నికేయ విశ్వాస ప్రమాణమును అంగీకరింపలేదనుటయు దాచదగినది కాదు. అయినను ఆ జనులు తమ మాతృభాషలో వాక్యమును వినుట ఆయన ప్రయాసవలననే కలిగెను. ఊదారంగు చర్మపత్రములపై వెండి అక్షరములతో 6వ శతాబ్దమున వ్రాయబడిన గోతు సువార్తల ప్రతి స్వీడనులోని ఉప్సాలాలో నేటికిని ఉన్నది.

పిమ్మట శ్రమకాలము వచ్చెను. విగ్రహార్పిత మాంసమును క్రైస్తవులచే తినిపించవలెనని గోతు అధికారులు ఆజ్ఞాపించిరి. ఒక గ్రామమున అన్యులైన ఇరుగుపొరుగువారు తమవారిని కాపాడగోరి, అర్పింపని మాంసమును రహస్యముగా వడ్డింప యత్నించిరి. సాబా అను బీద గోతు విశ్వాసి ఆ మోసమునకు ఒప్పుకొనలేదు. కట్టుబట్టలు తప్ప అతనికి ఆస్తి లేదని విని, ఒక అధికారి అతనిని లక్ష్యపెట్టక మొదట పంపివేసెను. తుదకు 372 ఏప్రిల్ 12న అతనిని నదిలో ముంచి చంపిరి.

గోతుల దేశములోని సంఘము ఆ హతసాక్షి వృత్తాంతమును ఒక లేఖగా వ్రాసెను. ఎవరికి? కప్పదొకియలోని సంఘమునకే! అతని దేహము కూడ ఆ దేశమునకే చేర్చబడెను. నూరేండ్ల క్రిందట ఎవరి తల్లిదండ్రులను చెరగొనిపోయిరో, వారికి గోతులు ఒక హతసాక్షి నిచ్చిరి.

ప్రియ సంఘస్థులారా, మన పల్లెలలోను మొదట నమ్మినవారిలో అనేకులు ఊరి వెలుపల నివసించిన కూలివారు, చదువురానివారు. ఈ శతవార్షికోత్సవ స్తుతి కూటములలో పేర్లు గలవారిని స్తోత్రముతో తలంచుకొందము. పిమ్మట ఒక్క నిమిషము మౌనముగా నిలిచి, రిజిష్టరులో పేరు లేనివారిని కూడ జ్ఞాపకము చేసికొందము.