పిల్లల కోసం తలుపు తట్టే సర్కారు

హైదరాబాదులో లాల్ దర్వాజా బోనాలకు వెళ్లినప్పుడల్లా చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు: “మీ అమెరికాల పిల్లగానికి ఒక్క దెబ్బ ఏస్తే పోలీసులొచ్చి ఎత్తుకపోతరంట గదా?” అందులో సగమే నిజం. తల్లిదండ్రులు ఇంట్లో పిల్లల్ని ఓ మోస్తరుగా దండిస్తే అమెరికా యాభై రాష్ట్రాల్లో ఎక్కడా నేరం కాదు. నార్వేలో నేరం. 2012లో కొడుకును హింసించారని మన తెలుగు దంపతులకు జైలుశిక్ష వేసింది ఓస్లో కోర్టు. అమెరికాలో చిక్కంతా పిల్లల ఒంటి మీద మిగిలిన మచ్చతో మొదలవుతుంది.

ఈ పట్టింపు పాతదే. 1874లో న్యూయార్కులో మేరీ ఎలెన్ విల్సన్ అనే పిల్లను పెంపుడుతల్లి చిత్రహింసలు పెట్టేది. పేదల వాడల్లో తిరిగే ఎట్టా వీలర్ ఎవరిని అడిగినా పని కాలేదు. చివరికి జంతుహింసను ఆపడానికి సంఘం పెట్టిన హెన్రీ బర్గ్‌ను పట్టుకుంది. పిల్లను జంతువు కింద లెక్కగట్టి కాపాడారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ. బర్గ్ లాయరు ఎల్‌బ్రిడ్జ్ గెరీ మనుషుల చట్టంతోనే ఆ పిల్లను జడ్జి ముందుకు రప్పించాడు. పెంపుడుతల్లికి ఏడాది జైలు పడింది. ఆ వెనకే పిల్లల రక్షణకూ ఒక సంఘం పుట్టింది.

1962లో డాక్టర్ హెన్రీ కెంప్, ఆయన సహచరులు దెబ్బలు తిన్న పసిపిల్లల గురించి రాసిన వ్యాసం దేశాన్ని కుదిపింది. ఐదారేళ్లలో అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. 1974లో కేంద్ర చట్టం వచ్చింది. అందుకే ఇక్కడ టీచరుకైనా డాక్టరుకైనా అనుమానం వస్తే సర్కారుకు చెప్పి తీరాలి. రుజువు వెతకడం వాళ్ల పని కాదు.

పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లే ఈ అధికారం చేసిన పాపాలూ ఉన్నాయి. అమెరికా ఆదివాసీ పిల్లల్లో నూటికి 25 నుంచి 35 మందిని ఇళ్ల నుంచి వేరుచేశారని తేలాకే 1978లో వాళ్లకోసం ప్రత్యేక చట్టం చేశారు.

మన దగ్గరా ఈ ముడి ఉంది. 1991లో పాతబస్తీకి చెందిన పదేళ్ల పిల్ల, అరవై ఏళ్ల సౌదీ మొగుడి పక్కన విమానంలో ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ గమనించి కాపాడింది. దేశమంతా మెచ్చుకుంది. ఆ తర్వాత పిల్ల సర్కారు హోములో ఉంది. పంపించిన కన్నవాళ్లే తిరిగి ఇమ్మన్నారు. ఇవ్వాలా వద్దా? నాకు ఇప్పటికీ సులువైన జవాబు దొరకలేదు. ఇప్పుడైతే 1098కి ఫోన్ చేయొచ్చు, 2015 చట్టం కింద బాలల సంక్షేమ కమిటీ చూసుకుంటుంది.

మనవాళ్లకు అమెరికాలో ఎదురయ్యే చిక్కులు వేరు. మన పసిపిల్లల నడుము కింద పుట్టుకతో ఉండే నీలిమచ్చను తెలియనివాళ్లు దెబ్బ అనుకోవచ్చు. ఆ మచ్చను మొదటే డాక్టరుతో ఫైల్లో రాయించుకోవాలి. ఫిట్స్ తగ్గాలని, కామెర్లు పోవాలని వాతలు పెట్టడం మాత్రం ఏ దేశంలోనూ చేయకూడని పని. దాన్ని సంస్కృతి పేరుతో వెనకేసుకురావడం నాకు నచ్చదు.

పిల్లల రక్షణ దర్యాప్తు అధికారి తలుపు తడితే గట్టిగా అరవకండి, అబద్ధం ఆడకండి. ఏం ఫిర్యాదు వచ్చిందో మర్యాదగా అడగండి. మీ అనుమతి గానీ కోర్టు ఆర్డరు గానీ లేకుండా, తక్షణ ప్రమాదం ఉంటే తప్ప, సాధారణంగా లోపలికి రాకూడదు. లాయరుతో మాట్లాడతానని చెప్పవచ్చు. ఉచిత లాయరు అన్నిచోట్లా హక్కు కాదని 1981లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినా, చాలా రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా పేదలకు ఇస్తున్నాయి. తల్లిదండ్రుల హక్కును శాశ్వతంగా తెంచాలంటే గట్టి సాక్ష్యం కావాలని మరుసటి ఏడాది అదే కోర్టు తీర్పిచ్చింది.

మనవల్ని చూసుకోవడానికి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సంగతులు విమానం ఎక్కకముందే తెలుసుకోండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, తెలుగు దుబాసీని అడగండి. పిల్లను తీసుకెళ్తే అదే రోజు లాయరుకూ, భారత కాన్సులేట్‌కూ ఫోన్ చేయండి.