అగ్నిమాపకుని చేతికి మందుల పెట్టె వచ్చిన కథ

ఇల్లు అంటుకొన్నప్పుడు ఫైరింజనును పిలుచుట మనమెరిగినదే. ఇంటిలో ఒక మనిషి గుండె పట్టుకొని కూలిపోయినప్పుడు కూడ ఫైరింజనే వచ్చునన్నచో మనకు వింతగా తోచును. కాని అమెరికాలోని పెక్కు నగరములలో ఇది నిత్యము జరుగు విషయమే. ఎఱ్ఱని బండి దిగిన మనిషి నీళ్ళ గొట్టమునకు బదులు ఒక పెట్టె పట్టుకొని లోపలికి పరుగెత్తును. గుండె లయను పరీక్షించును. అవసరమైనచో ఛాతీకి విద్యుద్ఘాతము నిచ్చును. రక్తనాళములోనికి మందు ఎక్కించును. అతడు డాక్టరు కాడు. అతనిని ఫైర్‌ఫైటర్ పారామెడిక్ అందురు. నేడు ఆ దేశపు అగ్నిమాపక శాఖలకు వచ్చు పిలుపులలో సగమునకు మించినవి నిప్పును గూర్చినవి కావు, రోగులను గూర్చినవే.

ఈ వృత్తి పుట్టి సుమారు అరువది సంవత్సరములే అయినది. డాక్టరు చేయవలసిన పనిని డాక్టరు కానివానికి అప్పగింపవచ్చునా? ఈ వృత్తి చరిత్ర యంతయు ఆ ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది.

నిమిషముల లెక్క

గుండెపోటు వచ్చినవారిలో కొందరికి గుండె ఒక్కసారిగా నిలిచిపోదు, లయ తప్పును. జఠరికల కండరములు కలిసికట్టుగా ముడుచుకొనుట మాని, వేటికవి అదరసాగును. బండికి కట్టిన ఎడ్లు తలా ఒక వైపు లాగినట్లు శక్తి ఖర్చగునే కాని బండి కదలదు. రక్తప్రసారము ఆగిపోవును. అట్లాగిన నాలుగైదు నిమిషములలో మెదడు కణములు చెడిపోవుట కారంభించును. ఏ సహాయమును అందనిచో రోగి బ్రతికెడి అవకాశము నిమిషమునకు 7 మొదలు 10 శాతము వరకు తగ్గిపోవుచుండును.

ఈ అదురుపాటును ఆపు మార్గములు 1950 తరువాతి పదునైదేండ్లలో ఒకదాని వెంట నొకటి దొరకినవి. నోటితో నోటిలోనికి ఊపిరి ఊదుట మేలైన పద్ధతి యని జేమ్స్ ఎలమ్, పీటర్ సఫార్ అను వైద్యులు ఋజువు చేసిరి. 1956లో పాల్ జోల్ ఛాతీని కోయకుండ, పైనుండియే విద్యుత్తు పంపి గుండె లయను సరిచేసెను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున కౌవెన్‌హోవెన్ అను విద్యుత్ ఇంజనీరు వద్ద పనిచేయుచున్న నికర్‌బాకర్ అను విద్యార్థి కుక్కలపై ప్రయోగము చేయుచు, విద్యుత్ ఫలకములను ఛాతీపై గట్టిగా అదిమినప్పుడు, విద్యుత్తు పంపకముందే రక్తపు ఒత్తిడి పెరుగుటను గమనించెను. వారిరువురును జూడ్ అను శస్త్రవైద్యునితో కలిసి 1960లో ఆ ఫలితమును ప్రకటించిరి. ఛాతీని చేతులతో లయగా నొక్కుటయే చాలును, కత్తి అక్కరలేదు.

1962లో బెర్నార్డ్ లౌన్ కెపాసిటరులో నిలువచేసిన విద్యుత్తును ఒక్క తృటిలో విడిచిపెట్టు పరికరమును ప్రవేశపెట్టెను. తరగతిలో కెపాసిటరు పాఠము చెప్పునప్పుడు విద్యార్థులు "ఇది దేనికండీ?" అని అడుగుట నాకు అలవాటే. ఆ దినమున ఈ కథయే చెప్పుదును. 200 జౌళ్ల శక్తి యనగా ఇరువది కిలోల బియ్యపు మూటను ఒక మీటరు ఎత్తునకు లేపు శక్తి మాత్రమే. అంత స్వల్పమైన శక్తి, వేళకు అందినచో, ఒక సంసారమును నిలబెట్టును.

కాని ఆ వేళయే చిక్కు. యంత్రము ఆసుపత్రిలో నున్నది; మనిషి పడిపోయినది ఇంటిలో.

వదలివేయబడిన వ్యాధి

1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదికను వెలువరించినది. ప్రమాదములవలని మరణమును, అంగవైకల్యమును ఆధునిక సమాజము పట్టించుకొనక వదలివేసిన వ్యాధి యని అది పేర్కొన్నది. 1965లో ఆ దేశమున 1,07,000 మంది ప్రమాదములలో మరణించిరి. అంబులెన్సులలో దాదాపు సగము శవసంస్కారము చేయు వ్యాపారుల చేతిలో నుండెను; మనిషిని పడుకోబెట్టుటకు వీలైన పొడవు బండి వారికే యుండుట దీనికి కారణము. కొరియా, వియత్నాములనుండి తిరిగివచ్చిన నిపుణులు తమకు పెద్ద గాయము తగిలినచో నగరవీధిలో కంటె యుద్ధరంగముననే బ్రతుకు ఆశ ఎక్కువ యని చెప్పినట్లు ఆ నివేదికలో నున్నది.

అదే సంవత్సరము జనవరిలో ఐర్లండు ద్వీపమునందలి బెల్‌ఫాస్టు నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను హృద్రోగ వైద్యుడు రోగి ఆసుపత్రికి వచ్చువరకు వేచియుండక, ఆసుపత్రినే రోగి కడకు పంపెను. అంబులెన్సులో డాక్టరును, నర్సును, కారు బ్యాటరీలతో పనిచేయు డిఫిబ్రిలేటరును ఉంచెను. ఆ తొలి పరికరము బరువు సుమారు 70 కిలోలు. 1967లో ఆయనయు, గెడ్డెస్ అను సహచరుడును లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితములు పలుదేశముల వైద్యులను ఆలోచింపజేసినవి. అయితే ప్రతి బండికిని ఒక డాక్టరును ఎక్కడినుండి తేగలము?

ఫైర్ స్టేషనే ఎందుకు?

సమాధానము పేట పేటకును అప్పటికే కట్టి యున్నది. అగ్నిమాపక కేంద్రము రేయింబవళ్లు మేలుకొని యుండును. పిలుపు వచ్చిన నిమిషములోనే బండి కదలును. రేడియో కలదు; వీధులు తెలిసిన మనుష్యులు కలరు; ఆపద నడుమ నిబ్బరముగా ఆజ్ఞ పాలించు అలవాటు కలదు. కొదవ యెల్ల వైద్యశిక్షణయే.

మయామీలో యూజీన్ నేగెల్ అను వైద్యుడు అగ్నిమాపకులకు శిక్షణ నిచ్చి, 1967లో రోగి గుండె విద్యుత్‌రేఖను బండినుండి రేడియో ద్వారా ఆసుపత్రికి పంపు ఏర్పాటు చేసెను. డాక్టరు చూపు ఆ రేఖపై నుండును. చేతులు మాత్రము అగ్నిమాపకునివి. సియాటిల్‌లో లెనార్డ్ కాబ్ అను హృద్రోగ వైద్యుడును, గోర్డన్ వికరీ అను అగ్నిమాపకాధికారియు కలిసి 1970లో మెడిక్ వన్ అను సేవను ప్రారంభించిరి. ముందుగా దగ్గరి ఫైరింజను వచ్చి ఛాతీ నొక్కుట మొదలిడును. వెనువెంటనే పారామెడిక్కుల బండి చేరును. ఆ తరువాత వారు సామాన్య పౌరులకును ఈ విద్య నేర్పిరి.

లాస్ ఏంజిలిస్‌లో చట్టమే అడ్డు నిలిచెను. 1969లో హార్బర్ జనరల్ ఆసుపత్రిలో మైకేల్ క్రైలీ అను వైద్యుడు అగ్నిమాపకులను తరిఫీదు చేసెను గాని, వారు సూది వేయుటకు చట్టము అంగీకరింపదు. కనుక ప్రతి పిలుపునకును ఒక నర్సు వెంట నుండవలసి వచ్చెను. సూది యెట్లు వేయవలెనో తెలిసిన మనిషి, ఎదుట రోగి ప్రాణము పోవుచుండగా, నర్సుకై ఎదురుచూచుట ఎంత విపరీతము! తుదకు 1970లో కాలిఫోర్నియా శాసనసభ వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టమును చేయగా, నాటి గవర్నరు రొనాల్డ్ రేగన్ దానిపై సంతకము చేసెను. పారామెడిక్కునకు చట్టబద్ధమైన స్థానము దొరికెను. 1972 మొదలు 1977 వరకు నడిచిన "ఎమర్జెన్సీ!" అను టెలివిజన్ కథామాల ఈ వృత్తిని ఇంటింటికి పరిచయము చేసినది.

మరువరాని మరియొక పాయ

ఈ కథను అగ్నిమాపకులతోనే ముగించుట న్యాయము కాదు. పిట్స్‌బర్గు నగరమునందలి హిల్ డిస్ట్రిక్టు నల్లజాతివారి పేట. అక్కడి రోగులను పోలీసు బండిలో వేసికొని పోవుట నాటి రివాజు. 1966లో కుమార్తెను ఉబ్బసమువలన కోల్పోయిన పీటర్ సఫార్, 1967లో ఆ పేట యువకులనే చేరదీసి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవకు శిక్షణ నిచ్చెను. వారిలో ఉద్యోగము దొరకనివారు, హైస్కూలు ముగింపనివారు కూడ కలరు. వారు శ్వాసనాళములో గొట్టము అమర్చుట మొదలైన కఠిన విద్యలను నేర్చి, నాటి మేటి పారామెడిక్కులుగా పేరొందిరి. 1974లో వారికి వైద్యాధికారిగా వచ్చిన నాన్సీ కరోలిన్ ఆ అనుభవముతోనే దేశమునకంతటికి పాఠ్యక్రమమును రూపొందించినది. కాని 1975లో నగరపాలకులు తమ స్వంత సేవను నెలకొల్పి ఫ్రీడమ్ హౌస్‌ను మూసివేసిరి. అందలి వారిలో పలువురు క్రొత్త సేవలో నిలువలేక వెలుపలికి పోవలసి వచ్చినది. దారి వేసినవారికే దానిపై నడచు భాగ్యము దక్కలేదు.

నేటి అర్హతలు

నేడు ఈ వృత్తిలో ప్రవేశింపగోరువాడు రెండు విద్యలు నేర్వవలెను. మొదటిది అగ్నిశమనము. శరీర దార్ఢ్యమునకు పలు శాఖలు జరుపు పరీక్షలో 50 పౌనుల, అనగా సుమారు 23 కిలోల, బరువు కోటు తొడిగికొని ఎనిమిది పనులను 10 నిమిషముల 20 సెకండ్లలో ముగింపవలెను. మెట్లెక్కునప్పుడు మరి 25 పౌనులు భుజములకు ఎక్కించెదరు. రెండవది వైద్యసహాయము. ముందుగా ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ శిక్షణ. దానిపై వేయి గంటలకు మించిన పారామెడిక్ శిక్షణ. ఇందు తరగతి గది, ఆసుపత్రి, అంబులెన్సు మూడును కలవు. పిదప పరీక్ష, రాష్ట్రపు లైసెన్సు. జాతీయ రిజిస్ట్రీలో పేరు నిలుపుకొనుటకు రెండేండ్లకొకసారి పునశ్చరణ చేయవలెను. ఇంతయు అయినను అతడు స్వతంత్రుడు కాడు. ఒక వైద్యుడు వ్రాసియిచ్చిన నియమములకు లోబడియే మందు వాడవలెను. నమ్మకమునకు హద్దును, హద్దు లోపల స్వేచ్ఛయు ఉండుటయే ఈ ఏర్పాటులోని కిటుకు.

మనకు దీనితో పనియేమి?

మన దేశమున ఈ రెండు విద్యలు వేరు వేరుగానే పెరిగినవి. నిప్పునకు 101, ప్రాణాపాయమునకు 108. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవలోను బండి యెక్కి వచ్చువాడు డాక్టరు కాడు, శిక్షణ పొందిన టెక్నీషియనే. కనుక పైన చెప్పిన ప్రశ్నకు మనమును అదే సమాధానము నిచ్చితిమి.

ఎంత వేగముగా వచ్చినను ఆ బండికి కొన్ని నిమిషములు పట్టును. మొదటి నిమిషములు ప్రక్కనున్నవానివి. ఛాతీ నడుమ రెండు చేతులుంచి, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, రెండంగుళముల లోతున నొక్కుటకు పట్టా అక్కరలేదు. ఒక్క పూట శ్రద్ధగా నేర్చుకొన్నచో చాలును. ప్రతి కళాశాలలోను, ప్రతి పంచాయతీలోను ఆ ఒక్క పూట ఎప్పుడు దొరకునా యని నేను ఎదురుచూచుచున్నాను.